అరుదుతనానికి ఒక చరిత్ర: ఆంథియాస్ చేపల మోజు, విశాఖ మత్స్యనామాలు, కృష్ణాతీరపు వాలుగ

వ్యాససంగ్రహం

సముద్రపు అక్వేరియాలు పెంచే అభిరుచి గలవారు అత్యంత విలువైనవిగా ఎంచే చేపల్లో ఆంథియాస్ వర్గపు అరుదైన జాతులు ముందువరుసలో ఉంటాయి. ఈ చేపలపై మోజు ఎలా ఏర్పడింది? ‘అరుదు’ అనే విలువను ఎవరు నిర్ణయిస్తున్నారు? ఈ ప్రశ్నలను తెలుగుతీరపు మత్స్యచరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపలపై వెలువరించిన గ్రంథం, అందులోని తెలుగు పేర్లు శాస్త్రనామాల్లోకి చేరిన తీరు, ముక్త్యాల పరిసర కృష్ణానదిలోని వాలుగ చేప, జగ్గయ్యపేట స్తూప ఫలకాల తరలింపు, 2017లో విశాఖ పేరుతో నామకరణం పొందిన ఆంథియాస్ ఇందులో ప్రధాన ఆధారాలు. అరుదుతనం ప్రకృతిలో ఉన్న సంఖ్యకు మాత్రమే సంబంధించినది కాదనీ, తరలింపు, నామకరణం, ప్రదర్శన కలిసి దాన్ని నిర్మిస్తాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆంథియాస్, అక్వేరియం, పాట్రిక్ రస్సెల్, విశాఖపట్నం, మత్స్యనామాలు, వాలుగ, ముక్త్యాల, జగ్గయ్యపేట, వృత్తిపదజాలం

1. ఉపోద్ఘాతం

సముద్రపు చేపలను గాజుతొట్టెల్లో పెంచే అభిరుచి నేడు ప్రపంచవ్యాప్తమైన వ్యాపారం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం పక్షాన 2003లో వెలువడిన అధ్యయనం ఈ వ్యాపారంలో 1,471 జాతుల సముద్రపు చేపలున్నాయని, ఏటా 2 కోట్ల నుంచి 2.4 కోట్ల చేపలు అమ్ముడవుతున్నాయని అంచనా వేసింది. వీటిలో అధికభాగం చవకగా దొరికే చిన్నచేపలు. వాటికి ఎగువన బహుకొద్దిమంది మాత్రమే కొనగలిగే అరుదైన జాతుల విపణి ఉంది. ఆ విపణిలో ఆంథియాస్‌ది ప్రత్యేకస్థానం.

ఈ అంశం తెలుగు పరిశోధనకు దూరమైనదిగా తోచవచ్చు. అయితే చేపను చూసి ఆనందించడం, చేపకు పేరు పెట్టడం, చేపను దాని నీటి నుంచి మరొకచోటికి తరలించడం అనే మూడు చర్యలకూ తెలుగునేలపై దీర్ఘమైన చరిత్ర ఉంది. భారతీయ సముద్రమత్స్యాలపై వెలువడిన తొలి ప్రామాణిక సచిత్రగ్రంథాల్లో ఒకటి విశాఖపట్నంలోనే రూపుదిద్దుకుంది. అందులోని చేపలకు శీర్షికలు తెలుగు జాలరుల నోటిమాటలు. కాబట్టి అరుదైన చేపల మోజును అర్థం చేసుకోవడానికి తెలుగుతీరం సముచితమైన క్షేత్రం. అదేవిధంగా తెలుగు మత్స్యపదజాలపు నేటి స్థితిని అర్థం చేసుకోవడానికి ఈ మోజు చరిత్ర ఉపకరిస్తుంది.

2. ఆంథియాస్: పేరు, రూపం, జీవనం

‘ఆంథియాస్’ ప్రాచీన గ్రీకు పదం. అరిస్టాటిల్ తన జంతుచరిత్రలో ఈ పేరుగల చేపను ప్రస్తావించాడు. ఆ చేప ఉన్నచోట ప్రమాదకరమైన జంతువులు ఉండవని నమ్మి, సముద్రగర్భంలో స్పాంజీలు ఏరేవారు అక్కడ నిర్భయంగా మునిగేవారని, దానిని పవిత్రమైన చేప అని పిలిచేవారని అతడు రాశాడు. అరిస్టాటిల్ చెప్పిన చేప ఏదన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. లినేయస్ 1758లో మధ్యధరా సముద్రపు ఎర్రని చేపకు ఆ పేరు స్థిరపరిచాడు. 1792లో బ్లాక్ దానిని ప్రజాతినామంగా మార్చాడు. ఆ విధంగా మునకవేసేవారికి అభయసూచకమైన ఒక మాట శాస్త్రనామమై, క్రమంగా విపణిలో సరుకు పేరైంది.

ఆంథియాస్ చేపలు సంప్రదాయ వర్గీకరణలో సెర్రానిడే కుటుంబానికి చెందుతాయి. మన తీరంలో ‘బొంతు’, ‘బొంత’ అని పిలిచే పెద్దచేపలు కూడా ఇదే కుటుంబంలో ఉండేవి. ఇటీవలి వర్గీకరణలు వీటిని వేర్వేరు కుటుంబాలుగా విడదీస్తున్నప్పటికీ చరిత్రలో అధికకాలం ఇవి ఒకే గూటి పక్షులు. బొంతు బరువైన దేహంతో రాతిసందుల్లో ఒంటరిగా పొంచి ఉంటుంది. ఆంథియాస్ చిన్నది, సన్ననిది. పగడపు దిబ్బల అంచున గుంపులుగా ఈదుతూ ప్రవాహంలో కొట్టుకువచ్చే సూక్ష్మజీవులను తింటుంది.

ఈ చేపల సంఘజీవనం శాస్త్రజ్ఞులను ఆకర్షించింది. గుంపులో ఆడచేపలు ఎక్కువ, మగచేపలు తక్కువ. చాలా జాతుల్లో చేపలు మొదట ఆడవిగా పెరుగుతాయి. గుంపులోని మగచేప లేకపోతే ఆడచేపల్లో బలమైనది మగచేపగా మారుతుంది, దాని రంగులూ మారతాయి. ఎర్రసముద్రపు జాతిలో ఈ పరివర్తన మగచేప ఉనికిపై ఆధారపడి ఉంటుందని ఫిషెల్సన్ 1970లో ప్రకటించాడు. అక్వేరియం పెంపకందారుకు ఇది నిత్యానుభవం. తొట్టెలోని మగచేప మరణిస్తే కొన్ని వారాల్లో మరొకటి ఆ స్థానంలోకి వస్తుంది. కొన్న చేప కొన్నట్టుగా ఉండక, కళ్లముందే మరొక రూపం దాల్చడం ఈ మోజుకు ఒక బలమైన కారణం.

రెండవ కారణం రంగు. ఆంథియాస్‌లో గులాబి, నారింజ, ఎరుపు, పసుపు, ఊదా వర్ణాలు ప్రధానం. అయితే ఈ రంగుల విషయంలో గమనించవలసిన వైచిత్రి ఒకటుంది. సూర్యకాంతిలోని ఎరుపును సముద్రజలం పైపొరల్లోనే పీల్చుకుంటుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఎర్రని చేప మసకగా, నల్లగా కనిపిస్తుంది. 90 మీటర్ల లోతులో జీవించే చేపకు ఎరుపు ఒక మరుగు, శత్రువు కంట పడకుండా కాపాడే ముసుగు. దానినే పైకి తెచ్చి విద్యుద్దీపాల కింద ఉంచినప్పుడు అది అగ్నిశిఖలా మెరుస్తుంది. అంటే అభిరుచి గలవారు మెచ్చే సౌందర్యం ఆ చేప స్వస్థలంలో ఆ రూపంలో కనిపించదు.

మూడవ కారణం దుర్లభత. లోతునుంచి చేపను వేగంగా పైకి తెస్తే ఒత్తిడి తగ్గి దాని ఈతతిత్తిలోని గాలి వ్యాకోచిస్తుంది, చేప మరణిస్తుంది. అందువల్ల దానిని విడతలుగా ఆపుతూ నెమ్మదిగా పైకి తీసుకురావాలి, లేదా సూదితో గాలిని తొలగించాలి. మునిగేవారి శరీరానికి కూడా అదే ప్రమాదం ఉంది. పైకి వచ్చిన తరువాత చల్లని నీరు, మందవెలుగు, రోజుకు అనేకసార్లు సూక్ష్మాహారం అవసరం. పూర్వం బూర్బోన్ అని పిలిచిన రెయూనియన్ దీవి పేరుమీద 1828లో వాలెన్సియెన్ నామకరణం చేసిన బోర్బోనియస్ ఆంథియాస్ ఈ కోవకు చెందినది. ఇంత శ్రమ, ఇంత వ్యయం, ఇంత అపాయం ఇమిడిన చేపకు అధికమూల్యం పలకడం సహజం. కానీ ఆ మూల్యం చేప సంఖ్యను సూచించదు. లోతులో ఆ జాతి గుంపులుగా ఉండవచ్చు. అరుదైనది చేపా, చేపను చేరే మార్గమా అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

3. గాజుతొట్టెలో సముద్రం

చేపను వినోదం కోసం చూడడం ఆధునికమైన పని కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధంలో రచించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం ఒక ప్రకరణం. చేపల రకాలు, వాటికి వేసే మేతలు, గేలంతో పట్టే విధానాలు అందులో ఉన్నాయి. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ భాగాన్ని శాస్త్రదృష్టితో వివరించాడు. అక్కడ వినోదం చేపను పట్టే నేర్పులో ఉంది. చేప ఎక్కడ తిరుగుతుంది, ఏమి తింటుంది, ఎలా లాగుతుంది అన్న పరిజ్ఞానమే రసికత్వం.

అక్వేరియం ఈ సంబంధాన్ని మార్చింది. 1850 ప్రాంతంలో రాబర్ట్ వారింగ్టన్ నీటిమొక్కలు, చేపలు, నత్తలు ఒకే పాత్రలో సమతౌల్యంతో జీవించగలవని నిరూపించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల మందిరం తెరుచుకుంది. 1854లో ఫిలిప్ హెన్రీ గోస్ గ్రంథంతో ‘అక్వేరియం’ అనే మాట జనసామాన్యానికి చేరింది. సముద్రాన్ని పక్కనుంచి, నీటి అడుగున నిలబడి చూస్తున్నట్లుగా చూసే అవకాశం మనిషికి దానివల్ల కలిగింది. అప్పటివరకు చేప అంటే పైనుంచి కనిపించే నీడ, లేదా ఒడ్డున పడిన కళేబరం.

తెలుగువారికి ఈ అనుభవం చెన్నపట్నంలో లభించింది. 1909లో మెరీనా తీరాన ప్రారంభమైన సముద్రపు అక్వేరియం తొలుత మద్రాసు ప్రభుత్వ మ్యూజియం నిర్వహణలో ఉండేది. కోస్తా జిల్లాలన్నీ నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. చదువుకు, వ్యాజ్యాలకు, ఉద్యోగాలకు చెన్నపట్నం వెళ్లిన తెలుగువారికి బతికున్న సముద్రపు చేప అద్దంలో కనిపించిన చోటు అదే. విశాఖ సాగరతీరంలోని మత్స్యదర్శిని ఆ పరంపరకు చెందినదే.

4. రస్సెల్ గ్రంథం: తెలుగుమాటే శీర్షిక

అక్వేరియానికి పూర్వమే చేపను దూరదేశపు పాఠకుని కళ్లముందు నిలిపిన సాధనం చిత్రం. ఈ విషయంలో విశాఖపట్నానికి చెప్పుకోదగిన చరిత్ర ఉంది. స్కాట్లండుకు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అలెప్పోలో ప్లేగు వ్యాధిపై అనుభవం గడించిన తరువాత, తన సోదరుడు ఉద్యోగం చేస్తున్న విశాఖపట్నానికి 1780ల ఆరంభంలో చేరాడు. 1785లో ప్రకృతిశాస్త్రజ్ఞుడు కోనిగ్ కాకినాడ జగన్నాథపురంలో మరణించగా ఆ పదవి రస్సెల్‌కు దక్కింది. 1789లో అతడు స్వదేశానికి మరలాడు. 1796లో కోరమాండల్ తీరపు పాములపై, 1803లో విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలపై అతని గ్రంథాలు లండన్‌లో వెలువడ్డాయి. రక్తపింజరికి అతని పేరు శాస్త్రలోకంలో స్థిరపడింది.

1803 నాటి చేపల గ్రంథంలో రస్సెల్ అనుసరించిన ఒక పద్ధతి భాషాపరిశోధకులకు అమూల్యమైనది. అతడు ప్రతి చేపకూ లినేయస్ పద్ధతిలో రెండుమాటల శాస్త్రనామం కల్పించలేదు. వర్గాన్ని సూచించి, జాతికి స్థానిక నామాన్నే శీర్షికగా ఉంచాడు. ఆ నామాలు అధికభాగం విశాఖ జాలరుల తెలుగుమాటలు. ఆంగ్లలిపిలో వాటి రూపం వికృతమైనా, తెలుగు చెవికి అవి ఇట్టే అందుతాయి. ‘సొర’, ‘పాలసొర’, ‘కోనాం’, ‘పార’, ‘బొంతు’, ‘రాతిబొంతు’, ‘టెంకి’, ‘సొరింగ’ వంటి మాటలు ఆ పుటల్లో కనిపిస్తాయి. ఉత్తరాంధ్ర రేవుల్లో కోనాం, కొమ్ముకోనాం, పార, సొర ఈనాటికీ వాడుకలో ఉన్న పేర్లే. రెండు శతాబ్దాలకు పైగా ఒక వృత్తిపదజాలం నిలకడగా ఉందనడానికి ఇంతకంటే స్పష్టమైన లిఖితసాక్ష్యం అరుదు.

ఈ పేర్ల నిర్మాణం కూడా గమనార్హం. ‘బొంతు’ అనేది వర్గవాచి. దానికి ముందు చేరే విశేషణం ఉపజాతిని తెలుపుతుంది. ‘రాతిబొంతు’ అనడంలో ఆ చేప నివసించే చోటు తెలుస్తుంది. ‘పాలసొర’, ‘కొమ్ముసొర’ అనే మాటలూ ఈ అచ్చులోనివే. ప్రజాతి, జాతి అనే లినేయస్ రెండంచెల పద్ధతికి సమాంతరంగా జాలరుల భాషలో స్వతంత్రమైన వర్గీకరణ ఉన్నదని దీనివల్ల విదితమవుతుంది. తెలుగు సమాసం ఇక్కడ శాస్త్రసాధనంగా పనిచేసింది.

రస్సెల్ గ్రంథం తదనంతర శాస్త్రజ్ఞులకు ఆకరమైంది. 1828 నుంచి 1849 వరకు కువియే, వాలెన్సియెన్ వెలువరించిన 22 సంపుటాల మత్స్యచరిత్రలో విశాఖ చేపలు పదేపదే ప్రస్తావనకు వస్తాయి. 1839లో ముల్లర్, హెన్లె ఒక సొరచేపకు పెట్టిన శాస్త్రనామంలో ‘సొరా’ అనే కోరమాండల్ తీరపు మాట నిలిచిపోయింది. 1982లో దత్, సుజాత అనే పరిశోధకులు విశాఖ తీరంలో గుర్తించిన ఇసుకచేపకు ‘సిల్లాగో సొరింగ’ అని పేరు పెట్టినప్పుడు రస్సెల్ విన్న మాట మళ్లీ శాస్త్రంలోకి వచ్చింది. ఆసక్తికరమైన విషయం మరొకటి. పైన పేర్కొన్న బోర్బోనియస్ ఆంథియాస్‌కు నామకరణం జరిగింది ఇదే ఫ్రెంచి గ్రంథపు 1828 సంపుటంలో. అప్పటికి అది కూడా బొంతులతో పాటు ‘సెర్రానస్’ అనే ఒకే ప్రజాతిలో ఉండేది. నేటి అక్వేరియం విపణిలోని అపురూపమైన చేపా, విశాఖ రేవులో కూరకు అమ్ముడయ్యే చేపా ఒకే గ్రంథంలో ఒకే కుదురున నిలిచాయి. వాటి తరువాతి ప్రస్థానాలు మాత్రం వేరయ్యాయి.

ఈ చరిత్రలో ఒక లోపాన్ని గుర్తించాలి. చేపలను పట్టి తెచ్చిన వాడబలిజ, జాలారి కులాలవారు, వాటి పేర్లు చెప్పినవారు, జీవకళ ఉట్టిపడేలా చిత్రాలు గీసిన స్థానిక చిత్రకారులు గ్రంథశీర్షికలో లేరు. అదే కాలంలో కృష్ణాతీరంలో కాలిన్ మెకంజీ వద్ద పనిచేసిన కావలి సోదరుల పేర్లు చరిత్రకు దక్కాయి. విశాఖ చేపల విషయంలో ఆ భాగ్యం మనుషులకు కాక వారి మాటలకు దక్కింది.

5. ముక్త్యాల రేవు: వాలుగ ప్రస్థానం

సముద్రానికి దూరంగా, కృష్ణ ఉత్తరపు గట్టున ఉన్న ముక్త్యాలకు ఈ చరిత్రతో ఒక చేప ద్వారా సంబంధం ఉంది. అది వాలుగ. కృష్ణా గోదావరుల్లో, వాటి చెరువుల్లో బొచ్చె, రాగండి, ఎర్రమోసు, కొర్రమీను, జెల్ల, ఇంగిలాయిలతో పాటు తెలుగువారందరికీ తెలిసిన చేప ఇది. పొలుసులేని పొడవాటి దేహం, వెడల్పైన నోరు, రెండు పొడవాటి మీసాలు దీని గుర్తులు. తోటిచేపలను వేటాడి బతుకుతుంది.

రస్సెల్ ఈ చేపను ‘వల్లగూ’ అని నమోదు చేశాడు. 1840లో వాలెన్సియెన్ ఆ మాటను జాతినామంగా స్వీకరించాడు. 1851లో డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లీకర్ ‘వల్లాగో’ను ప్రజాతినామంగా స్థాపించాడు. నేడు భారత ఉపఖండం నుంచి ఆగ్నేయాసియా వరకు ఈ చేపను గురించి రాసే ప్రతి శాస్త్రజ్ఞుడూ తెలియకుండానే ఒక తెలుగుమాటను పలుకుతున్నాడు. తెలుగు పదం ఒక జీవప్రజాతికి అంతర్జాతీయ నామమైన సందర్భంగా ఇది మన నిఘంటుచరిత్రలో నమోదు కావలసిన విషయం.

ముక్త్యాల సంస్థానాధీశుడు వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ కృష్ణపై ఆనకట్ట కోసం చేసిన కృషి నాగార్జునసాగర్ చరిత్రలో సుప్రసిద్ధం. 1855 నాటి బెజవాడ ఆనకట్ట, 1957 నాటి ప్రకాశం బ్యారేజి, 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్, ఇటీవలి పులిచింతల జలాశయం మెట్టభూములకు, డెల్టాకు ప్రాణం పోశాయి. ఆ ప్రయోజనాన్ని కాదనలేము. అయితే వరదనీటి రాకపోకలను అనుసరించి సంతానోత్పత్తి చేసే నదీమత్స్యాలపై అడ్డుకట్టల ప్రభావం ఉంటుందని మత్స్యశాఖ తొలి అధికారుల కాలం నుంచీ చర్చ జరిగింది. ఫ్రాన్సిస్ డే 1873 నాటి నివేదికలో నదుల్లోని చేపలరాకకు ఆనకట్టలు కలిగించే ఆటంకం ఒక ముఖ్యాంశం. అధిక వేట, కాలుష్యం, ఆవాసనష్టం కూడా తోడై వాలుగ సంఖ్య తగ్గింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దానిని ముప్పునకు లోనయ్యే జాతుల జాబితాలో చేర్చింది.

ఇక్కడ అరుదుతనపు రెండు అర్థాలు ఎదురెదురుగా నిలుస్తాయి. అగాధంలో గుంపులుగా తిరిగినా చేరడానికి కష్టమైన ఆంథియాస్ విపణిలో అరుదు. ఒకప్పుడు ప్రతి రేవులోనూ కనిపించి, క్రమంగా తగ్గిపోతున్న వాలుగ నదిలో అరుదు. మొదటిదానికి మూల్యం ఉంది. రెండవదానికి శాస్త్రనామంలో కీర్తి మాత్రం మిగిలింది.

6. తెలుగు సాహిత్యదృష్టిలో చేప

తెలుగు కవిత్వంలో చేప ప్రధానంగా కన్నులకు ఉపమానం. మీనాక్షి, మీనలోచన వంటి సంస్కృత పదాలతో పాటు ‘వాలుగంటి’ అనే తెలుగుమాట ప్రసిద్ధం. దీనిని ‘వాలు కన్నులు గలది’ అని విడదీసేవారున్నా, ‘వాలుగ వంటి కన్నులు గలది’ అనే అన్వయం కూడా సంప్రదాయంలో ఉంది. బేడిసచేపలనూ కవులు కన్నులకు పోల్చారు. ఈ పోలికలో గమనించవలసినది ధర్మం. కవులు చేపలోని చాంచల్యాన్ని, మిలమిలను, నీటిలో జారిపోయే వేగాన్ని గ్రహించారు. రంగును గానీ అపురూపతను గానీ వారు ఆశించలేదు. బేడిస, వాలుగ అందరికీ తెలిసిన చేపలు కావడమే ఉపమానానికి బలం. పాఠకునికి తెలియని చేపతో పోలిక సాగదు.

జానపద సాహిత్యంలోనూ ఇదే ధోరణి. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల కథలో చేపలకు పేర్లు లేవు. అవి ఎండవలసిన చేపలు, సంఖ్యగా మాత్రమే ఉన్నాయి. ఎండని ఒక్క చేప కథకు మూలమవుతుంది. ‘చేపపిల్లకు ఈత నేర్పాలా’ అన్న సామెతలోనూ చేప నిత్యపరిచితమైన ప్రాణి. ఈ దృష్టికి అక్వేరియం అభిరుచి పూర్తిగా భిన్నమైనది. పరిచయం వల్ల కలిగే ఆనందం ఒకటి, అపరిచయం వల్ల కలిగే ఆశ్చర్యం మరొకటి. అభిరుచి గలవారు రెండవదానితో మొదలై, చేపకు పూటపూటా మేత వేస్తూ, దాని ప్రవర్తన గమనిస్తూ మొదటిదానికి చేరుకుంటారన్నది కూడా అంగీకరించాలి. ఆంథియాస్ జీవనాన్ని గురించిన కొంత పరిజ్ఞానం తొట్టెల్లోని పరిశీలనల వల్లే లభించింది.

7. తరలింపు వల్ల కలిగే విలువ: జగ్గయ్యపేట ఉదాహరణ

తరలించిన వస్తువుకు విలువ పెరిగే తీరును ముక్త్యాల పరిసరాలే మరొక విధంగా నిరూపిస్తాయి. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరుమీద బేతవోలును జగ్గయ్యపేటగా మార్చాడు. ఆయనే చింతపల్లి నుంచి రాజధానిని అమరావతికి మార్చినప్పుడు, కొత్త పట్టణపు కట్టడాల కోసం జరిగిన తవ్వకాల్లో స్తూపశిథిలాలు బయటపడ్డాయి. 1797లో మెకంజీ వాటిని చూశాడు. స్థానికులకు అవి నాడు కట్టడపు రాళ్లు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు తరువాత లండన్ చేరాయి. 1882లో జేమ్స్ బర్జెస్ జగ్గయ్యపేట స్తూపాన్ని పరిశోధించాడు. అక్కడి ఫలకాలు మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. వాటిలో చక్రవర్తి ఫలకం భారతీయ శిల్పచరిత్రలో సుప్రసిద్ధం.

ఆ మ్యూజియమే 1909లో మెరీనా అక్వేరియాన్ని నిర్వహించింది. శిల్పానికీ చేపకూ ఒకే సంస్థ వేదిక కావడం యాదృచ్ఛికం కాదు. నివసించే చోటు నుంచి వేరుచేసి, వెలుతురులో నిలిపి, పక్కన పేరుపలక ఉంచి చూపడం 19వ శతాబ్దపు సేకరణసంస్కృతి సూత్రం. దీనివల్ల లాభనష్టాలు రెండూ ఉన్నాయి. సేకరణ జరగకపోతే అనేక ఫలకాలు సున్నపుబట్టీల పాలయ్యేవి. సేకరణ జరిగినందువల్ల జగ్గయ్యపేటవాసి తన ఊరి శిల్పాన్ని చూడడానికి చెన్నై వెళ్లవలసి వస్తున్నది. అయితే రాయికీ చేపకూ ఒక భేదం ఉంది. రాయి తరలింపును తట్టుకుంటుంది, చేపకు అది ప్రాణసంకటం.

8. విశాఖ పేరుగల ఆంథియాస్

భారతసముద్రాల్లోని లోతునీటి చేపల అధ్యయనం ‘ఇన్వెస్టిగేటర్’ నౌకతో ఊపందుకుంది. 1888 నుంచి 1892 వరకు ఆ నౌకపై పనిచేసిన ఆల్కాక్ బంగాళాఖాతపు లోతుల్లోని అనేక జాతులను వివరించాడు. ఆంథియాస్ వర్గంలో 1976లో తల్వార్ నైరుతితీరం నుంచి పెరుమాళి జాతిని, 2012లో హీమ్‌స్ట్రా, అఖిలేశ్ పిళ్లై జాతిని ప్రకటించారు. 2017లో కృష్ణ, రావు, వేణు అనే పరిశోధకులు ఆంధ్రతీరం నుంచి ఒక ఆంథియాస్‌ను వివరించి దానికి ‘సూడాంథియాస్ వైజాగెన్సిస్’ అని నామకరణం చేశారు. ప్రపంచంలోని అక్వేరియం ప్రియులు మోజుపడే వర్గంలో విశాఖ పేరు అలా చేరింది.

రస్సెల్ గ్రంథానికీ ఈ నామకరణానికీ నడుమ 214 సంవత్సరాలు. ఈ వ్యవధిలో నామకరణపు దిశ మారింది. 1803లో ఊరిపేరు గ్రంథానికి దక్కింది, చేపకు జాలరి పెట్టిన పేరు దక్కింది. 2017లో చేపకు ఊరిపేరు దక్కింది. ఆ ఊరిపేరు కూడా ఆంగ్లేయుల నోట కుదించుకుపోయిన ‘వైజాగ్’. శాస్త్రనామం పెట్టినవారు తెలుగునేలకు చెందిన పరిశోధకులు కావడం గర్వకారణం. అదే సమయంలో మరబోట్ల వలల్లో పడే చిన్న లోతునీటి చేపలను రేవుల్లో చాలావరకు విడివిడి పేర్లతో గుర్తించరు. కూరకు పనికిరానివన్నీ ‘చెత్తచేప’ అనే ఒక్కమాట కింద చేరి, ఎండి, కోళ్లమేతకు, రొయ్యలమేతకు పొడిగా మారతాయి. ఒకచోట అపురూపమైన వర్గం మరొకచోట పేరులేని రాశి. రాతిబొంతును, పాలసొరను విడదీసి చెప్పిన భాషలో ‘చెత్తచేప’ అనే మాట విస్తరించడం మరవేట తెచ్చిన మార్పు. గేలంతో, తెప్పమీద పట్టినప్పుడు ప్రతి చేపా కంటికి ఆనేది. టన్నులుగా తూచినప్పుడు భేదం చెరిగిపోతుంది.

నామకరణం రక్షణకు దారితీసిన సందర్భాలూ ఉన్నాయి. హవాయి దీవుల వాయవ్యాన సుమారు 90 మీటర్ల లోతులో దొరికిన ఒక ఆంథియాస్‌కు 2016లో శాస్త్రజ్ఞులు నాటి అమెరికా అధ్యక్షుడు ఒబామా పేరు పెట్టారు. ఆ చేప నివసించే సముద్రప్రాంతపు రక్షితపరిధిని ఆయన ఆ ఏడాదే విస్తరించారు. భారతదేశంలో 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరిన సముద్రజీవుల్లో బొంతుల వర్గంలోని అతిపెద్ద చేప, సముద్రాశ్వాలు, పగడాలు ఉన్నాయి. చట్టం రక్షించాలన్నా ముందు చేపకు ఒక పేరు ఉండాలి. పేరులేని రాశిని ఏ షెడ్యూలులోనూ చేర్చలేరు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఆంథియాస్ మోజుకు రంగు, లింగపరివర్తన, దుర్లభత ప్రధానకారణాలు. వీటిలో రంగు, దుర్లభత చేపను స్వస్థలం నుంచి వేరుచేసినప్పుడే పూర్తి విలువను పొందుతాయి.

2. రస్సెల్ 1803 గ్రంథం మత్స్యశాస్త్రానికి ఎంత ముఖ్యమో తెలుగు మాండలిక పదజాలానికి అంత ముఖ్యం. 18వ శతాబ్ది చివరినాటి ఉత్తరాంధ్ర జాలరుల భాషకు అది లిఖితసాక్ష్యం.

3. సొర, సొరింగ, వాలుగ వంటి మాటలు శాస్త్రనామాల్లోకి చేరాయి. వర్గవాచికి విశేషణం చేర్చే జాలరుల పద్ధతి స్వతంత్రమైన వర్గీకరణజ్ఞానానికి నిదర్శనం.

4. తెలుగు సాహిత్యం పరిచితమైన చేపలోని చలనాన్ని ఆదరించింది. అక్వేరియం అభిరుచి అపరిచితమైన చేపలోని వర్ణాన్ని ఆదరిస్తున్నది.

5. విపణిలోని అరుదుతనానికీ ప్రకృతిలోని అరుదుతనానికీ సంబంధం ఉండితీరాలని లేదు. వాలుగ క్షీణత ఇందుకు దృష్టాంతం.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశాలు తెలుగు పరిశోధనకు ఒక మార్గం చూపాయి. ఆ మార్గంలో మత్స్యనామాల కోసం చేయవలసిన పని స్పష్టంగా ఉంది. రస్సెల్ చిత్రాలను ఇచ్ఛాపురం నుంచి తడ వరకు రేవుల్లోని వృద్ధులైన మత్స్యకారులకు చూపి, వారు నేడు చెప్పే పేర్లను నమోదు చేయాలి. కృష్ణాతీరంలో ముక్త్యాల వంటి రేవుల్లో నదీమత్స్యాలకు అదే పని జరగాలి. తెలుగుశాఖలు జంతుశాస్త్రశాఖలతో కలిసి ప్రతి పేరుకూ శాస్త్రనామాన్ని, ఛాయాచిత్రాన్ని జతపరచాలి. సేకరించిన పేర్ల పక్కన వాటిని చెప్పినవారి పేర్లు, వారి అనుమతితో, ఉండాలి. 1803లో జరగని పని అదే. విశాఖ పేరు మోస్తున్న ఆంథియాస్‌ను వలనుంచి విడదీసే మత్స్యకారుడు దానిని ఏమని పిలుస్తాడో అడిగి రాసుకోవడం ఆ కృషికి మంచి ఆరంభమవుతుంది.